బుధవారం పెట్టిన పరస్థానం

మార్చి ఐదు, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు నా మనవరాలి చిన్న పెట్టెను పక్కింటి వరండాలో పెట్టి వచ్చాను. గొడవంతా అక్కడే మొదలైంది.

మనవరాలికి ఇరవై ఐదేళ్లు. పుట్టింది ఇక్కడే, లండన్ దక్షిణాన క్రోయిడన్‌లో. పనులు చేసుకుంటూ దేశం చూడమని కుర్రకారుకు ఆస్ట్రేలియా వాళ్లిచ్చే వీసా తెచ్చుకుంది. ఆఫీసు జీతంలో గది అద్దె, కౌన్సిల్ టాక్స్ అనే ఇంటిపన్ను, రైలు ఖర్చు పోను నెలాఖరుకు దాని చేతిలో మిగిలేది అరవై ఒక్క పౌండ్లు. లెక్క నేనే వేశాను. గది వదిలేసి నా దగ్గరికి రమ్మన్నాను. పద్నాలుగు నెలలు నా వెనకగదిలో ఉండి టికెట్‌కూ, అక్కడ మొదటి మూడు నెలల తిండికీ కూడబెట్టింది. ఉద్యోగం మానేసింది. శనివారం విమానం ఎక్కకపోతే టికెట్ డబ్బు వెనక్కి రాదు, అక్కడ ద్రాక్షతోటలో ఒప్పుకున్న పనీ ఉండదు.

శనివారం తూర్పుకు బయల్దేరకూడదని చెప్పాను.

"అమ్మమ్మా, శుక్రవారం టికెట్ నూట పన్నెండు పౌండ్లు ఎక్కువ. నువ్విస్తావా?"

ఇవ్వను. దానికి పరస్థానం ఉంది. మంచి ఘడియలో సామాను ఇంకొకరింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. మూడు రోజుల్లో మనిషి బయల్దేరితే చాలు. సామాను మాత్రం మళ్లీ మన గడప తొక్కకూడదు.

పెట్టెలో బట్టలు, ఆవకాయ సీసా, పిడికెడు పసుపు బియ్యం సర్దాను. అసలు ప్రయాణానికి ఏది ముఖ్యమో అది లేకుండా పరస్థానమేమిటని, దాని పాస్‌పోర్ట్ కూడా పెట్టాను. పక్కింటి ఇంగ్లీషావిడ తలుపు తీయలేదు. ఘడియ దాటిపోతోంది. వరండాలోనే పెట్టేశాను. బుధవారాలు వీధిలో వాళ్లంతా పాత సామాను ఆ వరండాలో పెడితే ఆవిడ వాటిని ధర్మకార్యాల కోసం అమ్మే చారిటీ షాపుకు చేరుస్తుంది. నేనూ రెండుసార్లు దుప్పట్లు పెట్టాను. తిథీ నక్షత్రం చూసుకున్నదాన్ని, ఆ సంగతి మరిచాను.

మధ్యాహ్నం మూడింటికి మనవరాలు సొరుగులన్నీ లాగుతోంది. "అమ్మమ్మా, నా పాస్‌పోర్ట్ చూశావా?"

"నీకంటే ముందే బయల్దేరింది."

ఇద్దరం పక్కింటికి వెళ్లాం. "అంత మంచి పెట్టె! పదకొండింటికే ఇచ్చేశాను డియర్. మీది ఎంత పెద్ద మనసు!" అంది ఆవిడ.

మనవరాలి మొహం పాలిపోయింది. ట్రామెక్కి షాపుకు వెళ్లాం.

షాపు అద్దాల కిటికీలో పెట్టె కనిపించింది, ఆరు పౌండ్ల ధర చీటీతో. లోపల మనవరాలి బట్టలు హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. పాస్‌పోర్ట్ సంగతి నేనే అడిగాను. షాపావిడ సొరుగు తీసి పాస్‌పోర్ట్ బల్లమీద పెట్టింది. "ఇచ్చింది మీరేనా? ఇంత ధారాళంగా ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు."

మనవరాలు దాన్ని గుండెకు హత్తుకుని, అమ్మకానికి పెట్టిన కుర్చీలో కూలబడింది. "అమ్మమ్మా, నిన్ను కూడా ఇక్కడే ఇచ్చేసి పోతాను."

"రేటెంత కడతారు?"

"నువ్వు నోరు మూసుకుంటే రెండు పౌండ్లు. లేకపోతే ఫ్రీ."

నవ్వాను గానీ, బట్టలు మళ్లీ సర్దిన పెట్టె చేతికి రాగానే షాపు గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఇంటికి తీసుకెళ్తే గడప తొక్కినట్టే. మనవరాలు నా మొహం చూసి నిట్టూర్చి, షాపావిడ దగ్గరికి వెళ్లింది. "శనివారం ఎయిర్‌పోర్ట్‌కు వెళ్తూ పట్టుకెళ్తాం. అందాకా ఇక్కడ ఉంచుతారా? మా అమ్మమ్మ రూల్స్." షాపావిడ నవ్వి, 'అమ్మకానికి కాదు' అని కాగితం రాసి అంటించింది. పాస్‌పోర్ట్ మాత్రం మనవరాలు కోటు జేబులో వేసుకుని జిప్పు లాగింది. దాన్నిమ్మని నేనూ అడగలేదు.

శనివారం మనవరాలు షాపులో పెట్టె తీసుకుని, అటునుంచటే ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లింది. సోమవారం రాత్రికి దిగానని ఫోన్ చేసింది.

పోయినవి: ఆవకాయ సీసా ఒకటి, పసుపు బియ్యం పిడికెడు. తిండి వస్తువులు అమ్మరు గనక రెండూ చెత్తబుట్టలోకి పోయాయి. ఆకుపచ్చ స్వెట్టర్ ఒకటి, మేం వెళ్లేసరికే అమ్ముడైంది. పెట్టెకు ఆరు పౌండ్లు, షాపావిడ వద్దన్నా ఇచ్చాను. మనవరాలి ట్రామ్‌కు రానూపోనూ మూడున్నర. పెద్దవాళ్ల పాసుంది గనక నాకు ట్రామ్ ఉచితం.