గెలిచేవాడికే ఓటు

నిన్న టీవీలో ఎవరు గెలుస్తారో సర్వే చెబుతుంటే మనవడు, "వీళ్ళేనంట అవ్వా గెలిచేది. మనమూ వీళ్ళకే వేసేద్దాం," అన్నాడు. నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో మేం నగర్తపేటలో ఉండేవాళ్ళం. మా సందుకంతా ఒకటే కొళాయి. నీళ్ళు బతిమాలితే వచ్చినట్టు వచ్చేవి. బిందెల వరుసలో పోట్లాటలు విని విని విసిగిన చిన్నాన్న, చిన్న జరీ అంగడి తప్ప వేరే బలం లేనివాడు, ఇంకో కొళాయి తెస్తానని మునిసిపాలిటీ ఎన్నికలో నిలబడ్డాడు. ఎదుట నిలిచింది పట్టు వ్యాపారం చేసే సావుకారు. ఆయనా మంచివాడే. ఇంట్లోనే బావి ఉన్న మనిషికి మా బిందెల సంగతి తెలిసే వీలు లేదంతే.

సందు మూలమీది కాఫీ హోటలు భట్టుగారికి ఒక సరదా పుట్టింది. గల్లాపెట్టె పక్కన ఇద్దరి పేరా రెండు గాజు సీసాలు పెట్టాడు. కాఫీ తాగినవాళ్ళు, ఎవరు గెలుస్తారనుకుంటే వాళ్ళ సీసాలో ఒక చింతపిక్క వెయ్యాలి. సావుకారు మనుషులు పొద్దుటినుంచి తాగుతూనే ఉండేవాళ్ళు. చక్కెర దొరక్క బెల్లంతో కాచిన ఆ కాఫీ అన్నిసార్లు తాగడం కూడా ఒక త్యాగమే. ఆయన సీసా మెడదాకా నిండింది. చిన్నాన్న సీసాలో అడుగు కనిపిస్తూనే ఉండేది. చూస్తుండగానే సందులో మాట మారిపోయింది. చిన్నాన్న కనబడితే జనం జాలిగా పలకరించసాగారు. ఆయన మాత్రం రోజూ అక్కడే కాఫీ తాగి, తన పిక్క తన సీసాలో వేసుకొని వచ్చేవాడు.

ఆ రోజుల్లో పన్ను కట్టేవాళ్ళకే ఓటు. చిన్నాన్నను వదిలేస్తే మా ఇంట్లో ఓటున్నది, ఇల్లు తన పేరున ఉన్న మేనత్తకే. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికొచ్చి, ఈ తమ్ముణ్ణి ఎత్తుకొని పెంచిన మనిషి ఆమె.

చిన్నాన్న కొద్దిలో ఓడిపోయాడు. అంత దగ్గరగా వస్తాడని ఎవరూ అనుకోలేదు. సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి, గెలిచేటట్టుందని తెలిసుంటే నీకే వేసేవాళ్ళమప్పా అని గొంతు తగ్గించి చెప్పి పోయారు. అందరూ వెళ్ళాక అత్త పొయ్యి దగ్గరినుంచి లేవకుండానే అంది.

"నేనూ సావుకారుకే వేసినాన్రా. నువ్వు ఎట్లాగూ గెలవవని అందరూ అంటా ఉండిరి. గెలిచేటోడికి వేస్తే కొళాయన్నా అడగొచ్చు అనుకొంటిని."

చిన్నాన్న వెళ్ళి పొయ్యి దగ్గర ఆమె పక్కనే కూర్చున్నాడు.

"నీ ఒక్క ఓటుతో గెలిచేవాణ్ణి కాదులేక్కా. అయినా, ఎవరు వేయకపోయినా మా అక్క వేసుంటాదని అనుకొంటా ఉంటిని," అన్నాడు.

అత్త నిజంగానే వెళ్ళి అడిగింది. సావుకారు కొళాయి వేయించాడు కూడా. బతికినన్నాళ్ళూ ఆమె అందులో ఒక్క బిందె పట్టలేదు; పాత కొళాయి దగ్గరే వరుసలో నిలబడేది. ఆ తర్వాత అందరికీ ఓట్లు వచ్చాయి. ఎన్నికల రోజున ఎవరు గెలుస్తారన్న మాట చెవిన పడకముందే అత్త తయారై, అందరికంటే ముందు వెళ్ళి ఓటు వేసి వచ్చేది. చిన్నాన్న మళ్ళీ నిలబడలేదు. కాలం ఆమెకు ఎన్నికల్ని ఎన్నోసార్లు తెచ్చి ఇచ్చింది గానీ, తమ్ముడి పేరును మాత్రం ఇంకొక్కసారి తెచ్చి ఇవ్వలేదు.