కారణం గడిలో నేను రాసింది

రిటైరై జనగామలో ఉంటున్న నాకు మొన్న మహబూబాబాద్ ఫైర్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. దేశమంతటా ఇళ్లలో జరిగిన అగ్నిప్రమాదాల వివరాలు ఒక్కచోట చేరుస్తున్నారట, పాత రిపోర్టులు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారట, నా చేతిరాత అర్థం కావడం లేదని, ఒకసారి వచ్చి చదివిపెట్టమని అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. సరేనన్నాను గానీ అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. పేపరు అందుకుంటాను, పెట్టేస్తాను, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాను.

నేను అక్కడ పనిచేసే రోజుల్లో, పత్తి ఏరే కాలంలో, మరిపెడ దగ్గరి ఒక తండాలో ఇల్లు అంటుకున్నదని కబురొస్తే బండి తీసుకుని పోయాం. పోయేసరికి పెంకులు కూలి, ఇంట్లో పోసిన పత్తి బూడిదై ఉంది. ఇంటావిడ చేనులో ఉండబట్టి బతికింది. ధర వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే పోసుకోవడం అప్పటి అలవాటు; ఇది చదివే మీలోనూ కొందరు ఆ కుప్పల మీద దొర్లి పెరిగినవాళ్లే. మంట పొయ్యి మూల నుంచి లేచిందని కాలిన గోడ చూస్తేనే తెలిసింది. అయినా రిపోర్టులో కారణం అనే గడిలో షార్ట్ సర్క్యూట్ అని రాసి, నకలు ఆమె చేతికిచ్చాను. పొయ్యి అంటే ఇంటివాళ్ల నిర్లక్ష్యం కింద జమకట్టి సర్కారు సాయం ఆపేస్తారని మా పైఆయన చెప్పేవాడు; అందరం అలాగే రాసేవాళ్లం, అది దయే అనుకునేవాళ్లం.

మరుసటి ఏడు గార్ల వైపు ఇంకో తండాకు పోయాం. అక్కడా పత్తే, అక్కడా పొయ్యి మూలే. పత్తిని బయటికి లాగబోయి ఆ ఇంటావిడ రెండు చేతులూ కాల్చుకుంది. ఆమెకు పత్తి ఏరిపెట్టడానికి వచ్చిన అక్క నన్ను చూసి తమ భాషలో ఏదో చెప్పింది. ఆ అక్కే, నిరుడు ఇల్లు కాలిన మరిపెడ ఆవిడ. చెల్లెలు నావైపు తిరిగింది.

“సారూ, మా అక్క ఇల్లు కరెంటుతోని కాలిందని మీరే రాసిచ్చిన్రు గదా. గందుకే పత్తి పోసిన అర్రల కరెంటు బుగ్గ తీసేసిన. పొయ్యి సంగతి మాకెవరు చెప్పిన్రు?”

తప్పు నాదేనని, అక్క ఇల్లు కాలింది పొయ్యి వల్లనేనని నాకు అప్పుడే తెలుసని ఒప్పుకున్నాను. దవాఖానకు పోయే ఆటో ఎక్కుతూ ఆమె ఒకటే అన్నది: “జర ఇప్పుడన్న ఉన్నదున్నట్టు రాయి.”

అలాగే రాశాను. పైఆయన కోప్పడ్డాడు. ఆమె భర్తతో పాటు నేనూ తాసిల్ ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా ఆలస్యంగానైనా సాయం అందింది. గాయాలు మానాయి గానీ వేళ్లు పూర్తిగా ముడవడానికి రాలేదు, ఆమె మళ్లీ పత్తి ఏరలేదు. ఆ తర్వాత సెలవు దొరికితే చాలు, కాలు నిలవక, తండాలు తిరిగి పత్తికీ పొయ్యికీ మధ్య గోడ పెట్టుకోమని చెప్పేవాణ్ణి. భూపాలపల్లికి బదిలీ అయ్యాకా మానలేదు.

ఇప్పుడు తండాల్లో స్లాబు ఇళ్లు లేచాయి, గ్యాసు వచ్చింది, పత్తి చేనులోంచే బండెక్కి పోతున్నది. రేపు ఆ అమ్మాయి పక్కన కూర్చుని, ఏది నిజమో ఏది దయతో రాసిన అబద్ధమో గుర్తున్నంతవరకు చెబుతాను. గుర్తులేనివి అలాగే దేశం లెక్కల్లో కలిసిపోతాయి. ఒక పేద ఇంటికి మేలు చేస్తున్నామనే అనుకున్నాం అప్పట్లో, ఆ కాగితాన్ని ఇంకో పేద ఇల్లు నమ్ముకుంటుందని మాకు తోచనే లేదు.