బస్సు పోయే వరస

పుంగనూరు చుట్టుపక్కల ఆవులకు టీకాలు వేసే మా అక్క పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి తేలికపాటి లినక్స్ ఎక్కించాను. మూడు రోజులు కూర్చుని రంగులు, ఐకాన్లు, అక్షరాల సైజు అన్నీ మార్చాను. ఊరికొకటిగా ఆవుల ఫొటోలు దాచుకున్న ఫోల్డర్లు చిందరవందరగా కనిపిస్తే, ఫైల్ మేనేజర్‌లో వాటిని అక్షర క్రమంలో పేర్చాను.

అక్క చూసి, "చౌడేపల్లె యాడ పెట్టినావప్పా?" అంది.

"అక్షరాల వరసలో ఉంది, చూసుకో," అన్నాను విసుగ్గా.

"నేను అక్షరాల వరసలో తిరగను కదప్పా. బస్సు పోయే వరసలోనే పెట్టుకోనుంటిని."

ఫోల్డర్లు బస్సు వరసలో వచ్చేలా ఊరి పేర్ల ముందు అంకెలు వేద్దామని మళ్లీ కూర్చున్నాను. ఏ ఊరి తర్వాత ఏ ఊరు వస్తుందో ఆమె చెప్పాల్సి వచ్చింది. ఇక్కడే పుట్టిన నాకు ఒక్కటీ తెలియదు.