కారు నెత్తిన బోర్లించిన పళ్లెం

చెవి కమ్మంత అయస్కాంతంతో షెఫీల్డ్‌లోని తెలుగు కుటుంబాలన్నిటి మధ్యా నిప్పు పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నేను జనంలోకి పెద్దగా రాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు మాట్లాడటం కన్నా చదువుకోవడం ఇష్టం. చదువుకోవడం కన్నా, పైకి అనలేకపోయిన మాటలన్నీ డైరీలో అనుకోవడం ఇంకా ఇష్టం. బస్సులో గంట నొక్కితే అందరూ నావైపు చూస్తారని, ఇంకెవరైనా నొక్కేదాకా ఆగి, నా స్టాపు దాటిపోయాక దిగి వెనక్కి నడిచే రకాన్ని. ఉద్యోగం కూడా ఈమెయిళ్లకు జవాబులు రాసేది చూసుకున్నాను. ఫోన్ ఎత్తక్కర్లేదు.

అలాంటి నన్ను పట్టుకుని ప్రసాద్ అంకుల్ అన్నారు కదా, “అమ్మా హారికా, మన కారుకి డిజిటల్ రేడియో యాంటెనా నువ్వే పెట్టాల.”

“నాకు... అంటే... అంకుల్...”

“నువ్వు చదివింది డిజిటలే కదమ్మా?”

నేను చదివింది డిజిటల్ మార్కెటింగ్. ఆ రెంటికీ ఉన్న సంబంధం గుర్రానికీ గుర్రపు డెక్కకీ ఉన్నంత కూడా లేదు. చెరువులో పెరిగే డెక్క సంగతి చెబుతున్నాను. ఇదంతా వివరించాలంటే కనీసం నాలుగు వాక్యాలు పైకి మాట్లాడాలి. దానికన్నా యాంటెనా పెట్టడమే సులువనిపించి “సరే అంకుల్” అన్నాను. తనకే మాట పెగలదు, ఊరందరికీ రేడియో వినిపిస్తానందట!

అసలు యాంటెనా ఎందుకో చెప్పాలి. నేను అంకుల్ వాళ్లింట్లో మేడమీది గదిలో అద్దెకుంటాను. కింద అంకుల్, ఆయన భార్య సుజాత ఆంటీ, ఆవిడ కరివేపాకు చెట్టు ఉంటారు. ఈ ఊళ్లో కరివేపాకు మొక్క కొనని తెలుగువాళ్లు లేరు, దాన్ని చలికాలం దాటించినవాళ్లూ లేరు. నవంబరుకల్లా అందరి కిటికీల్లోనూ ఒక పుల్ల మిగులుతుంది. ఆంటీ చెట్టు మాత్రం నా భుజం దాకా పెరిగి, బయట మంచు పడుతుంటే లోపల చిగుళ్లు వేస్తుంది. ఆ రహస్యం చెప్పమని ఊళ్లోని కమ్యూనిటీ రేడియో వాళ్లు ఆంటీని పిలిచారు. తెలుగు గంటలో పది నిమిషాలు. ఆవిడ బెదరలేదు. చీర మార్చుకుని వెళ్లి, మాటలు రికార్డు చేయించి వచ్చి, ఏమీ జరగనట్టు పప్పులో పోపు పెట్టింది. నేను పది నిమిషాలు మాట్లాడాలంటే ఏడాది పాటు మాటలు కూడబెట్టుకోవాలి. ఆవేళ నుంచీ ఆవిడ నా కంటికి వంటింట్లో తిరిగే మహారాణిలా కనిపించడం మొదలుపెట్టింది.

ప్రసారం ఆదివారం ఉదయం, ఒక్కసారే. సరిగ్గా ఆ వారమే వాట్‌ఫర్డ్ నుంచి అంకుల్ వాళ్ల అక్క భ్రమరాంబ ఆంటీ వస్తున్నారు. ఆవిడ ఉన్న గదిలో ఇంకొకరి మాట వినపడటం అరుదు. పెళ్లయిన నాటి నుంచీ సుజాత ఆంటీ ఆవిడ ముందు వాడినవి రెండే మాటలు: “ఊ”, “అట్టాగే వదినా.”

“ఒక్క పది నిమిషాలు మా వదిన నా మాట మధ్యలో అడ్డం రాకుండా వింటే చాలు హారికా” అంది ఆంటీ, బియ్యం కడుగుతూ. “రేడియోకి అడ్డం వచ్చినా అది ఆగదు కదా.”

నవ్వుతూనే అంది. కానీ ఆ కోరిక పాతికేళ్లుగా జాడీలో ఊరిందని నాకు అర్థమైంది.

ఫోన్‌లో వినొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను, మెసేజ్ పెట్టి. అంకుల్ ఎదురుగా వచ్చి జవాబు చెప్పారు. “ఫోన్‌లో ఓటీపీలు వస్తాయమ్మా. మనిషన్నాక రేడియోలో రావాల.” ఇల్లు కొండ కింద పల్లంలో ఉంది, అక్కడ రేడియో గరగరమంటుంది తప్ప పలకదు. అందుకని కారుని కొండమీది కమ్యూనిటీ హాలు కార్ పార్కుకి తీసుకెళ్లి, తలుపులన్నీ తెరిచి, తెలిసినవాళ్లందరినీ చుట్టూ నిలబెట్టి వినిపించాలని అంకుల్ పథకం. వాట్సాప్ గ్రూపులో పిలుపులు కూడా వెళ్లిపోయాయి. లేనిదల్లా యాంటెనా ఒక్కటే.

శనివారం నేను రంగంలోకి దిగాను. వీడియోలో చూస్తే చిటికెలో పని. యాంటెనా అడుగున అయస్కాంతం ఉంటుంది, కారు పైకప్పు మధ్యలో పెడితే ‘టప్’ మని అతుక్కుంటుంది, వైరు తలుపు సందులోంచి లోపలికి లాగితే అయిపోయింది. పెట్టాను. అది ‘టప్’ మనలేదు. నూనె రాసిన అప్పడం మీద గోళీలా జారి, ముందు అద్దం మీదుగా వచ్చి బానెట్ మీద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. మూడోసారి జారాక చేత్తో తడిమి చూశాను. అంకుల్ ముచ్చటపడి కొన్న ఆ సెకండ్‌హాండ్ కారుకి పైకప్పంతా గాజే!

యాంటెనాతో వచ్చిన కాగితంలో చూస్తే, అడుగున వెడల్పాటి ఇనుప రేకు ఉండాలని రాసి ఉంది. రేకు ఎక్కడ దొరుకుతుంది? తెలుగువారి ఇంట్లో వెడల్పాటి లోహం అంటే ఇంకేముంది! వంటింట్లోకి వెళ్లాను.

“ఆంటీ, ఒక స్టీలు కంచం ఇస్తారా?”

“ఆకలేస్తుందా? అన్నం ఇంకా ఉడకలేదే.”

“నాక్కాదు... కారుకి.”

ఆంటీ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా బీరువాలోంచి కంచాలు దించింది. ఒకదానికి అయస్కాంతం పెట్టాను. అంటుకోలేదు. రెండోదానికీ లేదు. సిబ్బిరేకులు, మూతలు, చివరికి అట్లకాడ కూడా. ఏదీ పలకదు!

“అంటుకోదమ్మా” అంది ఆంటీ, తల కాస్త పైకెత్తి. “మా నాన్న తెనాలిలో స్టీలు సామాను కొనబోతే జేబులో అయస్కాంతం పెట్టుకుని పొయ్యేవాడు. అంటుకుందా, నాసిరకం అని షాపువాడి మొహానే చెప్పేవాడు.”

“మరి ఇప్పుడెలా?”

“అదుగో, ఆ మూలన పెద్ద పళ్లెం ఉంది చూడు. అదీ అంటుకోదులే.”

టప్.

ఆ చప్పుడు వంటింట్లో గుడిగంటలా మోగింది. ఆంటీ చేతిలో గరిటె ఆగిపోయింది. పళ్లెం తిప్పి చూశాను. మధ్యలో చుక్కచుక్కలుగా పేరు కొట్టించి ఉంది: ‘మరదలికి ప్రేమతో, భ్రమరాంబ.’

ఆంటీ అయస్కాంతాన్ని పీకి, తన చేత్తో తనే మళ్లీ పెట్టింది. టప్. ఇంకోసారి పీకి పెట్టింది. టప్. ఆ మొహం మీద పరుచుకున్న వెలుగుని వర్ణించడానికి నేను చదివిన పుస్తకాలేవీ నాకు సాయం రాలేదు.

“‘మా ఇంటి సామాను మల్లే మీ ఇంట్లో ఉంటుందా’ అనేది మా వదిన” అంది నెమ్మదిగా. “తీసుకుపో హారికా. కారు మీదకి ఇదే తగింది. పేరు మాత్రం కనపడనియ్యకు. పెద్దావిడ, మనసు కష్టపెట్టుకుంటుంది.”

చూశారా మనిషి గొప్పతనం! అంత విజయం చేతికొచ్చినా అవతలివాళ్ల పరువు కాపాడాలనుకుంది. కాపాడే బాధ్యత నాకప్పగించడమే ఆవిడ చేసిన పొరపాటు.

పేరు కనపడకూడదు. కనుక పేరున్న వైపు కిందికి తిప్పి, పళ్లేన్ని గాజు కప్పు మీద బోర్లించాను. అంచు చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు వేసి, ఒంటి బరువంతా వేసి నొక్కాను. పైన యాంటెనా నిలబెట్టాను. రేడియో పెడితే ఈ పల్లంలో కూడా గరగర మధ్య మాట వినపడింది, కొండ మీద గంటలా పలుకుతుందనుకున్నాను. బయట కారు చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ చూశాను. ఒక్క అక్షరం కనపడలేదు. నా తెలివికి నేనే ముగ్ధురాలినయ్యాను.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు. గాజుకి రెండో వైపు కూడా ఉంటుందన్న సంగతి, మాస్టర్స్ చదివిన నా బుర్రకు తట్టలేదు. కారు లోపల కప్పు కింద తెర మూసి ఉండటమే కొంప ముంచింది.

ఆదివారం కారు పెళ్లి ఊరేగింపులాగా పాకుతూ కొండెక్కింది. పళ్లెం ఎగిరిపోతుందేమోనని అంకుల్ గేరు మార్చడానికి కూడా భయపడ్డారు. వెనకాల బస్సు హారన్ కొడుతూనే ఉంది. ముందు సీట్లో సుజాత ఆంటీ, వెనక సీట్లో నేనూ, భ్రమరాంబ ఆంటీ. ఆవిడ వాట్‌ఫర్డ్‌లో కౌన్సిల్ వాళ్లు చెత్తడబ్బాల రంగు మార్చిన వైనం చెబుతున్నారు. ఆంటీ “ఊ” అంటోంది.

కార్ పార్కులో అప్పటికే జనం చేరారు. ఆంటీల కోట్ల మీద శాలువాలు, చేతుల్లో ఫ్లాస్కులు. తలుపులన్నీ తెరిచాం. ఆంటీ దిగి నిలబడింది. భ్రమరాంబ ఆంటీ దిగలేదు.

“నాకు తల తిరుగుతుందిరా తమ్ముడూ. పైన ఆ తెర తియ్యి. కాస్త ఆకాశం కనపడుద్ది.”

అంకుల్ బొత్తాం నొక్కారు. తెర మెల్లగా, సినిమా పేర్లు పడ్డట్టు, వెనక్కి జరగడం మొదలైంది. ముందు మబ్బు కనిపించింది. తర్వాత గుండ్రటి అంచు. తర్వాత ‘మరదలికి’. నా ప్రాణం చెప్పుల్లోకి జారింది. తర్వాత ‘ప్రేమతో’. దేవుడా, కరెంటు పోవాలి, బ్యాటరీ చావాలి, ఏదో ఒకటి...

‘భ్రమరాంబ.’

“ఒరే ప్రసాదూ” అన్నారు ఆవిడ, మెడ అలాగే పైకెత్తి. “నేనిచ్చిన పళ్లెం కారు నెత్తినెందుకుందిరా?”

అంకుల్ ఆంటీ వైపు చూశారు. ఆంటీ నా వైపు చూసింది. కార్ పార్కంతా నా వైపు చూసింది. జీవితంలో మొదటిసారి, ఎవరూ అడగకుండానే, నా నోరు తెరుచుకుంది. పొగుడుదామనే తెరిచాను, ఒట్టు!

“ఇంట్లో ఉన్న ఏ కంచానికీ అయస్కాంతం అంటుకోలేదండీ. మీరిచ్చిన దానికొక్కదానికే అంటుకుంది.”

నోరు మూసుకుంటే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అన్నారా! అక్కడున్న ప్రతి ఆంటీకీ ఆ మాటకు అర్థం తెలుసు. ఫ్లాస్కు మూత తిప్పుతున్న చెయ్యి తిప్పుతున్నట్టే ఆగిపోయింది. ఎవరో దగ్గబోయి మింగేశారు.

“అయస్కాంతం... అంటుకుందా?” అన్నారు భ్రమరాంబ ఆంటీ. “నా పళ్లేనికా?” ఆ తర్వాత గొంతు పెరిగింది. “దింపు. ఇప్పుడే దింపరా దాన్ని.”

“అక్కా, ఇంకాసేపట్లో సుజాత ప్రోగ్రాం. అది దింపితే రేడియో...”

“దింపమన్నానా!”

అంకుల్ పళ్లెం వైపు చెయ్యి చాచారు. ఆంటీ ఆయనకన్నా ముందే వచ్చి పళ్లెం అంచు మీద చెయ్యి వేసింది.

“ఈ పళ్లెం మీరిచ్చింది వదినా, దింపమంటే దింపుతా. నా మాటలకేముంది, పోతే పోతాయి. కానీ ఇన్నేళ్లుగా మా ఇంట్లో వ్రతం ప్రసాదం కలిపింది ఈ పళ్లెంలోనే. మంచిదా, కాదా అని దీనికి ఒక్కనాడూ అయస్కాంతం పెట్టి చూడలేదు.”

అబద్ధం కాదు. నిన్నటిదాకా చూడలేదు మరి! ఆ వాక్యం అల్లికకు నేను లోలోపల చేతులెత్తి నమస్కరించాను.

భ్రమరాంబ ఆంటీ నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే రేడియో పలికింది, “ఇప్పుడు సుజాత గారు మనతో...”

ఆవిడ చెయ్యి ఎత్తారు. ఆగమని.

ఆంటీ గొంతు కారులోంచి బయటికొచ్చి కొండగాలిలో పరుచుకుంది. “చలికాలంలో కరివేపాకు మొక్కకి నీళ్లు ఎక్కువ పొయ్యకండి. రోజూ పలకరించండి చాలు. ఆకులన్నీ రాల్చిందని చెత్తడబ్బాలో పారెయ్యకండి. అది రాల్చింది ఆకులే, ప్రాణం కాదు. పైన ఏం లేకపోయినా కింద వేరు తన పని తను చేసుకుంటా ఉంటది...”

పది నిమిషాలు. ఎవరూ కదల్లేదు. భ్రమరాంబ ఆంటీ ఒక్క మాట, ఒక్క ‘ఊ’, ఒక్క దగ్గు కూడా అడ్డం వెయ్యలేదు. తన పేరుకేసి చూస్తూ విన్నారు. అయ్యాక మరదలి వైపు తిరిగారు.

“ఏమే సుజాతా, ఇంత బాగా మాట్లాడతావని ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదే?”

“మీరు కాస్త ఆగితే చెబుదామని చూస్తా ఉన్నా వదినా.”

భ్రమరాంబ ఆంటీ బుగ్గలు ఉబ్బాయి. తర్వాత, కారు అద్దాలు అదిరేలా నవ్వారు. ఆ నవ్వుకి సందు దొరికినట్టు అందరం నవ్వేశాం. ఆంటీ మాత్రం పోపు పెట్టి వచ్చినంత నిదానంగా ఫ్లాస్కులోంచి వదినగారికి కాఫీ వంచి ఇచ్చింది.

ఇక్కడితో అయిపోతే నేను ఏ మొహమాటం లేకుండా బతికేదాన్ని. కానీ విన్న ఆంటీలందరూ ఇళ్లకు వెళ్లారు. ఆ సాయంత్రం షెఫీల్డ్‌లోని ఫ్రిజ్‌ల మీది అయస్కాంతాలన్నీ వంటింట్లోకి దిగాయి. టప్, టప్, టప్. తోడికోడళ్లిచ్చిన గిన్నెలు, మేనత్తలిచ్చిన బిందెలు, గృహప్రవేశానికి స్నేహితులిచ్చిన డిన్నర్ సెట్లు, ఒక్కొక్కటీ నేరం ఒప్పుకున్నాయి. వాట్సాప్ గ్రూపులోంచి ముగ్గురు అలిగి వెళ్లిపోయారు. ఒకావిడ మాంచెస్టర్‌లో ఉన్న చెల్లెలితో మాటలు మానేసింది. భ్రమరాంబ ఆంటీ వాట్‌ఫర్డ్ చేరిన మర్నాడే ఫోన్ చేశారు, తన సామాను తనిఖీ చేసుకున్నాక. “హారికా, ప్రసాదుగాడి పెళ్లిలో సుజాత వాళ్లమ్మ నాకిచ్చిన డబ్బా ఉందమ్మా. దానికీ అంటుకుంది. సుజాతకి చెప్పు. వద్దులే, నేనే చెబుతా!”

అందుచేత పాఠక మహాశయులారా, చలికి చావని కరివేపాకు చెట్టును సాక్షిగా పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఏ కారు ఎక్కినా లోపలే ఎక్కుతాను, నెత్తిన ఎక్కను. అయస్కాంతం పట్టుకుని తెలుగువారి వంటింటి గడప తొక్కను. మా అమ్మ నాకు కట్టి పంపిన టిఫిన్ డబ్బా దేనితో చేశారో ఈ జన్మకు తెలుసుకోను గాక తెలుసుకోను.