ఎందుకు అని అడిగే గడి

మా ల్యాబ్ మేడం పోయారు. నేను ఆఫీసులో ఉండగా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి, "బావా, మేడం ఇంక లేరంట. ఇప్పుడే తెలిసింది" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. తగ్గాక రాస్తే మర్యాదగా ఉండేదేమో. కానీ మర్యాదగా రాసిన సంతాపాలు ఈ వారంలో చాలానే చదివాను.

గాజువాక అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె మాకు కంప్యూటర్ ల్యాబ్ చూసేవారు. పుట్టింది కంచరపాలెం, మెట్టింది కంచరపాలెం. పాఠం పుస్తక భాషలో మొదలుపెట్టేవారు, మా కోడ్ చూడగానే ఇంటి భాషలోకి దిగిపోయేవారు.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా మేం ముగ్గురం కలిసి ఒక యాప్ తయారుచేశాం. ఏ రికార్డు ఎప్పటిలోగా ఇవ్వాలి, ఏ ఇంటర్నల్‌లో ఎన్ని మార్కులొచ్చాయి, అన్నీ విద్యార్థి ఫోన్లో కనబడాలి. గడువులన్నీ రాత్రి పన్నెండుకు పెట్టాం. ఎక్కడో చూసి అలాగే దింపేశాం లెండి. మేడం కళ్లద్దాలు పైకి తోసుకుని చూశారు.

"ఏట్రా ఇది? రాత్రి పన్నెండుకి రికార్డు ఎవలికిత్తారు? నాకా, వాచ్‌మన్‌కా?"

మా దగ్గర రికార్డంటే చేత్తో రాసిన పుస్తకం. మేడం చేతికివ్వాలి, ఆమె సంతకం పెట్టాలి, అదంతా కాలేజీ బస్సు కదిలేలోపు జరగాలి. భీమిలి బస్సు అన్నిటికంటే ముందు బయల్దేరుతుంది కాబట్టి ఆ పిల్లల గడువు వేరేగా ఉండాలని ఆమె చెప్పేదాకా మాకు తట్టలేదు. మేం ముగ్గురం గాజువాక వాళ్లం మరి. పక్కన కూర్చుని ఒక్కో రూటు టైము రాయించారు.

ఆ తర్వాత ఒక గడి పెట్టమన్నారు. గడువు దాటితే పేరు ఎర్రగా మారుతుంది కదా, దాని పక్కన "ఎందుకు?" అని ఒక ఖాళీ గడి.

"ఎర్రగా సేసీసి ఊరుకుంటే ఎలాగరా? మనిషిని అడగాల కదా" అన్నారు.

పిల్లలు అందులో రాసేవారు. నాన్నకి స్టీల్‌ప్లాంట్‌లో మధ్యాహ్నం బి షిఫ్టు, తమ్ముణ్ణి బడి నుంచి నేనే తేవాలి. చేపల బోటు ఆలస్యంగా వచ్చింది, అమ్మతో పాటు జెట్టీలో ఉండిపోయాను. ఒకడైతే "నిద్రపోయాను" అని రాశాడు. "ఇంత నిజం రాసినోడికి ఇయ్యకపోతే ఎలాగ?" అని మేడం వాడికి ఇంకో రోజు ఇచ్చారు. రోజూ పొద్దున్నే టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ గడులన్నీ చదివేవారు. చదివింది క్లాసులో ఎప్పుడూ బయటపెట్టలేదు. తమ్ముడి సంగతి రాసిన పిల్ల కూర్చున్న సిస్టమ్ దగ్గరకెళ్లి, కోడ్‌లో తప్పు చూపించి, వచ్చేస్తూ వచ్చేస్తూ "తమ్ముడెలాగున్నాడమ్మా?" అనేవారు.

యాప్ కాలేజీ పెద్దలకు నచ్చింది. అన్ని బ్రాంచీలకూ పెడతామన్నారు. ప్రిన్సిపాల్ ఆ గడి మీద వేలు పెట్టి, "ఇది తీసేయండి. సాకులకి చోటిస్తే గడువుకి విలువేముంది?" అన్నారు. నా ఫొటో కాలేజీ వెబ్‌సైట్‌లో పడబోతోంది. పది నిమిషాల్లో తీసేశాను. పైగా గడువు దాటినవాళ్లకి, పని పూర్తయ్యేదాకా రోజూ పొద్దున్న ఏడింటికి ఫోన్ మోగేలా రాశాను, ఆపుకునే వీలు పెట్టలేదు. అది మాత్రం ఎవరూ అడగలేదు, నా అతి తెలివి.

"తీసేశావా?" అన్నారు మేడం.

"పైవాళ్లు తీయమన్నారు మేడం."

"నువ్వేటన్నావు?"

నేనేమీ అనలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె పక్క సిస్టమ్ దగ్గరకు వెళ్లిపోయారు.

నేను ఉద్యోగంలో చేరాక ఆ యాప్‌లోకి మేష్టర్లనూ చేర్చారు. మార్కులు ఎక్కించడానికి వాళ్లకూ గడువు, దాటితే వాళ్ల పేరూ ఎరుపు. మేడంకు క్యాన్సర్ వచ్చిందని, పదిహేను రోజులకోసారి కీమోకి వెళ్లేవారని నాకు ఇప్పుడు తెలిసింది. ఆ మధ్య ఒకసారి ఫోన్ చేశారు.

"ఏరా, మేష్టర్లకైనా ఆ గడి ఉందేటి?"

"లేదు మేడం."

"సర్లే. ఊరికే అడిగాను."

ఎందుకు మేడం, అని నేను అడగలేదు. యాప్‌లోంచి తీసేసిన ఆ ఒక్క మాట నా నోట్లోంచి కూడా రాలేదు. ఏదో మీటింగులో ఉన్నాను, పెట్టేశాను. మార్కులు ఆలస్యమయ్యాయని ఆమెకు రెండు మెమోలిచ్చారట. వెళ్లి చెప్పుకుంటే, "సిస్టమ్‌లో ఎర్రగా ఉంది మేడం, మేమేం చేస్తాం?" అన్నారట. సిస్టమ్ అంటే ఎవరో కాదు, నేనే.

సంతాప సభలో ఆ ప్రిన్సిపాలే మైకు పట్టుకుని ఆమెను సమయపాలనకు మారుపేరన్నారు. మెమోల మీద సంతకం పెట్టిన చెయ్యే ఫొటోకి దండ వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి అడుగుదామనుకున్నాను, లేవలేదు. సిగ్గులేకుండా చివరిదాకా కూర్చున్నాను.

మర్నాడు కంచరపాలెం వెళ్లాను. మేడం భర్త పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. నేను యాప్ చేసినవాణ్ణని ఆయనకు తెలుసు. మేడం ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"బాబూ, రోజూ ఏడింటికి ఇది మోగతంది. ఆపడం నీకొచ్చునేటి?"

యాప్ తీసేస్తే మోత ఆగేది, కానీ ఆమె పేరు ఎర్రగానే మిగిలేది. రెండూ పోవాలంటే ఒక్కటే దారి, మార్కులు ఎక్కించాలి. ఇంటర్నల్ పేపర్లు ఉన్నాయా అని అడిగితే లోపలి నుంచి కట్ట తెచ్చారు. అన్నీ దిద్దేసి ఉన్నాయి. ఆసుపత్రి మంచం మీదే దిద్దారట, ఎక్కించే ఓపిక లేకపోయిందట. పైన మార్కుల జాబితా కూడా రాసిపెట్టారు. ఇద్దరం కింద కూర్చున్నాం. ఆయన నంబరు, మార్కు చదువుతున్నారు, నేను కొడుతున్నాను.

సగం దాటాక ఆయన ఆగారు. ఒక మార్కు పక్కన పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. కాగితం కళ్ల దగ్గరకు తెచ్చుకుని నెమ్మదిగా చదివారు. "పరీక్ష నాడు వాళ్లమ్మకి ఆపరేషన్. ఈ పిల్ల చేత మళ్లీ రాయించాలి."

చదివి నా వైపు చూశారు.

"ఇది ఎక్కడ ఎక్కించాల బాబూ?"

స్క్రీన్ మీద నంబరుకు చోటుంది, మార్కుకు చోటుంది. చెబుతానేమోనని ఆయన, ఆ వరస తప్పిపోకుండా కాగితం మీద వేలు పెట్టుకుని, అలాగే కూర్చున్నారు.