సాంచల మోతలో హాజరు

లేదు, మా సార్ తిరుగుడు ఉట్టిగా పోలేదు. నిన్న సిరిసిల్లలో చాయ్ హోటల్ ముందు ఆ మాట విన్నప్పుడు నాకు కోపం ఆగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా లెక్కల సార్ చనిపోయి నేటికి నలభై రోజులు. రిటైరయ్యాక వెళ్లిన కోరుట్లలో, తన ఇంట్లోనే, తెల్లవారుజాము నమాజుకు లేచి కాళ్లు చేతులు కడుక్కుంటూ కూలిపోయారట. కబురు వచ్చేసరికి నేను జగిత్యాల మార్కెట్‌లో నా ఆటోలోంచి టమాట బాక్సులు దించుతున్నాను. ఆయన మీద మా బడి పాత పిల్లలు ఈ పుస్తకం వేస్తున్నారు. వ్యాసాలు పోగు చేస్తున్నవాడు ఒకప్పుడు నా పక్కన కూర్చున్న దోస్తే. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. నేనూ రాస్తానంటే నవ్వాడు.

"నువ్వేం రాస్తవ్‌ర బై? తొమ్మిదిల్నే బడి బంద్ జేసినోనివి. సార్ నీ ఎంబడి గంతగనం తిరిగిండు, ఏమొచ్చింది? అంత ఉట్టిగనే పాయె."

"రాస్తె నీకేం నొప్పిర?"

"టెన్త్ పాసైనోల్లయే ఏద్దామనుకున్నం. సార్ పేరు నిలవడాలె గదా."

పాసైనవాళ్లు సార్ పాఠాల గురించి బాగానే రాస్తారు. నాకు తెలిసింది కరోనా వచ్చిన ఏడాది సంగతి. అది వాళ్లెవరికీ తెలియదు.

ఆ ఏడాది పరీక్షలు లేకుండానే మమ్మల్ని తొమ్మిదికి పంపారు. పాఠాలు టీవీలో వస్తాయన్నారు. మా ఇంట్లో టీవీ ఉంది, కానీ దాని ముందు నాన్న పడుకుని ఉండేవాడు. సాంచలు, అంటే మా ఊళ్లో మరమగ్గాలు, ఆగిపోయి ఆయనకు పని లేదు. అమ్మ ఒక మూల బీడీలు చుట్టేది. కొన్నాళ్లకు సాంచలు తెరిచారు, బడి మాత్రం తెరవలేదు. నాన్న వెంట నేనూ నూలు కండెలు చుట్టే పనికి పోయాను.

సాంచల షెడ్డులో మాట వినపడదు. అందరూ వేళ్లతో, పెదవులతో మాట్లాడుకుంటారు. నెల తిరిగేసరికి నేను ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాను. "ఈనికి నోరు వడిపోయిందే" అని అమ్మ ఏడ్చేది. ఒకరోజు మధ్యాహ్నం పని మధ్యలో లేచి మానేరు వాగు దాకా నడిచాను. నీళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎందుకు పోయానో ఆ తర్వాత ఒక్కరికే చెప్పాను.

ఆ రోజుల్లో సార్లు పిల్లలందరికీ ఫోన్ చేసి టీవీ పాఠం చూశారా అని అడగాలి. మా సార్ ఫోన్ చేసినప్పుడు ఇలా అడిగారు: "పాఠం చూసినవా అని అడగమన్నరు బేటా. అడిగిన, అయిపోయింది. ఇగ చెప్పు, నిన్న ఎవల్తోనన్న నవ్వినవా?"

నేను ఫోన్ అమ్మకు ఇచ్చేశాను.

మర్నాడు స్కూటర్ మీద షెడ్డుకే వచ్చారు. మాస్కు మీద ఇంకో దస్తీ కట్టుకుని, తలుపు దగ్గర నిలబడి నా పేరు పెట్టి గొంతు చించుకుని అరిచారు. ఒక్కరికీ వినపడలేదు. లోపలికి వచ్చి నా చెవి దగ్గర అరిచారు. ఆయన్నే చూస్తూ కార్మికులు సాంచలు మరిచిపోయారు, పోగులు తెగాయి. షెడ్డు నడిపే ఆసామి ఆయన్ను బయటకు తీసుకుపోయాడు.

"సార్, మీరు బడిల అరిస్తె నడుస్తది. గిక్కడ అరిస్తె పోగులు తెగుతయి."

"మరి మీరెట్ల మాట్లాడుకుంటరు?"

"చేతులతోని."

తర్వాతి రోజు సార్ అరవలేదు. కిటికీ దగ్గర నిలబడి పది వేళ్లు తెరిచి చూపారు, తర్వాత ఏడు. పదిహేడు నా హాజరు నంబరు. నేను అలాగే చూస్తుండిపోయాను. మళ్లీ పది, మళ్లీ ఏడు. నేను పలికేదాకా కదిలేట్టు లేరు. చెయ్యెత్తాను. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి టిక్కు పెట్టుకుని వెళ్లిపోయారు. ఒక్క పాఠం అడగలేదు.

రోజూ అంతే. వారం తిరగకముందే షెడ్డంతా ఆయన కోసం చూడటం మొదలుపెట్టింది. నాకంటే ముందు పక్క సాంచ మీది ముసలాయన రెండు చేతులూ ఎత్తేవాడు. "నన్నెవలు పిలిచిండ్రు బడికి? గిప్పుడన్న పలకనియ్యుండ్రి" అని చాయ్ దగ్గర నవ్వించేవాడు. ఒకరోజు మా నాన్న కూడా చెయ్యెత్తాడు. సార్ నవ్వలేదు. అందరికీ టిక్కు పెట్టుకున్నారు.

ఆ రోజే నేను ఆయన వెనకాల బయటకు పోయి మానేరు సంగతి చెప్పాను. సార్ స్కూటర్ దిగి మట్టిలో కూర్చున్నారు. తర్వాత అడిగారు.

"రేపు హాజరు పలుకుతవా?"

"పలుకుత."

"ఎల్లుండి?"

"ఎల్లుండి సంగతి ఎల్లుండి సార్."

"సరే. గంతే సాలు."

ఆ వారమే నన్ను దవాఖానకు తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించారు. నాన్నకు కూడా, పక్కన కూర్చుని, తప్పు ఎవరి మీదా వేయకుండా, అంతా చెప్పారు.

బడి తెరిచాక పోయాను. పదకొండు రోజులు కూర్చోగలిగాను. ఆ నిశ్శబ్దంలో చెవులు గుయ్యిమనేవి, కాళ్లు ఆగేవి కావు. లేచి వచ్చేశాను. ఓపెన్ టెన్త్ అయినా రాయమని సార్ మూడుసార్లు ఇంటికొచ్చారు. నేను రాయలేదు. "నీ మీద నాకు కోపమున్నది, ఉంటది గూడ. గని హాజరు మాత్రం బంద్ జెయ్యకు" అన్నారు. అప్పటినుంచి కథలాపూర్ నుంచో, రుద్రంగి నుంచో, ఆటో ఎక్కడ ఆగితే అక్కడి నుంచి వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి. ఆయన హలో అనేవారు కాదు.

"పదిహేడు?"

"ఉన్న సార్."

ఆ తర్వాత టెన్త్ గురించి తిట్లు మొదలయ్యేవి. ఆ పరీక్ష రాయనందుకు ఇప్పుడు బాధగానే ఉంది. అది నా తప్పు. దాన్ని సార్ నెత్తిన పెట్టకండి. లెక్క మొత్తం తప్పయినా, చేసినంత వరకు మార్కులు వేసిన మనిషి ఆయన. "తప్పైనా సరే రాయి బేటా, ఖాళీగ మాత్రం ఇడువకు" అని పరీక్ష హాల్లో ప్రతి బెంచీ దగ్గరా వంగి చెప్పేవారు. పాసైనవాళ్లతోనే పుస్తకం వేస్తామంటే ఆయన దాన్ని ముట్టుకునేవారు కాదు.

దోస్తూ, ఏమొచ్చింది అని అడిగావు కదా. నేను బతికున్నాను. సార్ తిరిగిన తిరుగుడుకు వచ్చింది అదే. నీకు అది తక్కువనిపిస్తే నీ ఇష్టం.

ఇది వేస్తే మొత్తం వెయ్యి. కింద నా పేరు దగ్గర "మధ్యలో బడి మానేసిన విద్యార్థి" అని రాయకు. విద్యార్థి అని రాయి, చాలు.

సార్ భార్య మళ్లీ ఫోన్ చేస్తున్నారు. ఇవాళ్టి నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన వంటకు పెద్ద గిన్నెలు నా ఆటోలోనే ఉన్నాయి, రోడ్డు పక్కన ఆపుకుని ఇది రాస్తున్నాను. అక్కడ పొయ్యి వెలిగించారట. నేను పోవాలి.