ఎర్ర పొర ఎక్కడి నుంచి వచ్చింది

2023 ఎండాకాలం. హన్మకొండలో నేను అక్వేరియం దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. మంచినీళ్ల చేపల తొట్లు చాలా ఇళ్లలో చూసుకునేదాన్ని గాని, సముద్రపు నీటి రీఫ్ ట్యాంకు మాత్రం నా చేతిలో ఒక్కటే ఉండేది. రీఫ్ ట్యాంకు అంటే చేపలతో పాటు ప్రాణమున్న పగడాలు కూడా పెరిగే తొట్టి. ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్‌లో, పేషెంట్లు కూర్చునే హాల్లో అది ఉండేది. పన్ను పీకించుకోవడానికి వచ్చిన పిల్లలు దాని ముందు నిలబడి ఏడుపు మరిచిపోయేవారు. నేను వారానికోసారి వెళ్లి కొంత పాత నీరు తీసేసి, మా దుకాణంలో ఆర్ఓ మిషనులో శుద్ధి చేసి ఉప్పు కలిపిన కొత్త నీళ్లు నాలుగు క్యాన్లు పోసి వచ్చేదాన్ని.

ఏప్రిల్‌లో ఒకరోజు వెళ్లేసరికి ఇసుక మీద ముదురు ఎర్రటి పొర పరుచుకుని ఉంది. వేలితో లాగితే తడి బట్టలా లేచి వచ్చింది. చూడ్డానికి నాచులా ఉంటుంది గాని అది నాచు కాదు, సయానో అనే బ్యాక్టీరియా. నీళ్లలో ఫాస్ఫేట్, నైట్రేట్ లాంటి పోషకాలు పెరిగితే పొలంలో ఎరువు తిన్న కలుపులా పెరుగుతుంది. పగడాల మీదికి ఎక్కిందంటే వాటికి ఊపిరాడనివ్వదు. పైపుతో అంతా లాగేసి, లైటు గంటలు తగ్గించి వచ్చాను. మరుసటి వారానికి మళ్లీ అంతే. ఆ పై వారం బొత్తాల్లా ఉండే పచ్చ పగడాల గుంపు ఒకటి సగం తెల్లబడింది.

డాక్టరు గారికి కోపం వచ్చింది. "ఏంది మేడమ్ ఇది? మీరు కడిగిపోయిన మూడో రోజుకే మళ్ల వస్తాంది."

"ఎవరో లోపల ఏదో వేస్తున్నారు డాక్టర్ గారూ. తిండి ఎక్కువ పడితేనే ఇలా అవుతుంది" అన్నాను. ఆ మాట నేను చాలా నమ్మకంగా అన్నాను.

ఇద్దరం ఒకేసారి కొమురమ్మ వైపు చూశాం. యాభై దాటిన మనిషి. క్లినిక్ ఊడ్చి, తుడిచి, ట్యాంకు అద్దం కూడా ఆమే తుడిచేది. డాక్టరు గారు అక్కడే, పేషెంట్ల ముందే అడిగారు.

"కొమురమ్మా, చేపలకు ఏమన్న ఏస్తానవా?"

"నేనెందుకేస్త సార్? పైన అద్దం తుడుస్త, గంతే."

"ఒక్కసారి కూడా వేయలేదా అక్కా?" అన్నాను నేను.

ఆమె కొంగు సర్దుకుంది. "ఒక్కపారి నాలుగు అటుకులు ఏసిన బిడ్డా, సంక్రాంతి ముంగట. నోరు తెరుసుకోని చూస్తాంటె పాపమనిపిచ్చింది. సారు వద్దన్న కాన్నుంచి మూత ముట్టలే."

మేము మొదటి మాట పట్టుకున్నాం, చివరి మాట వదిలేశాం. ఆ వారంలోనే ఆమెను మాన్పించారు. హాల్లో కెమెరా కూడా పెట్టించారు. నాకు మనసులో ఎక్కడో గుచ్చుకుంది గాని, అటుకులు వేసినట్టు ఆమే ఒప్పుకుంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఎర్ర పొర మాత్రం పోలేదు. ఇంకా పెరిగింది. మూడు వారాల తర్వాత డాక్టరు గారు నన్ను లోపలి గదిలోకి పిలిచి, కంప్యూటరు నా వైపు తిప్పారు.

"మొత్తం చూసిన మేడమ్. పొద్దుగాల నేను చిటికెడు మేత ఏస్తాన. నేను గాక ఆ మూత తీసేటోళ్లు ఒక్కలే ఉన్నరు. జర మీరే చూడుండ్రి."

తెరమీద కనిపిస్తున్నది నేనే. క్యాను ఎత్తి నీళ్లు పోస్తున్నాను. నాకు ఒళ్లు మండింది. "అంటే నేను కావాలని చేస్తున్నానంటారా?" అన్నాను.

"నేనేమంటలేను. కొమురమ్మను కూడ మనం గిట్లనే అడిగినం గదా" అన్నారాయన.

కోపంతోనే దుకాణానికి వచ్చాను. ఆయన తప్పు అని తేల్చడానికే, క్యాన్లలో పోయడానికి సిద్ధంగా ఉన్న, ఇంకా ఉప్పు కలపని నీళ్లు తీసుకున్నాను. ఇంతకాలం పరీక్షలన్నీ ట్యాంకు నీళ్లకే చేశాను. నా నీళ్లను అనుమానించాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆర్ఓ మిషను చివర రెసిన్ అనే గుళికలు నింపిన గొట్టం ఒకటి ఉంటుంది. ఆర్ఓ దాటి వచ్చిన కాస్త లవణాన్ని కూడా అది పట్టేస్తుంది. ఉప్పు కలపక ముందు ఆ నీళ్లలో, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే సున్నా చూపాలి. నలభై మూడు చూపింది. ఫాస్ఫేట్ పరీక్ష చేస్తే సీసాలో నీళ్లు ముదురు నీలం అయ్యాయి, అంటే ఫాస్ఫేట్ బాగా ఉందన్నమాట. రెసిన్ ఎప్పుడో అయిపోయింది. ఎండలకు బోరులో నీళ్లు దిగి వాటిలో లవణాలు పెరిగాయి, అదీ తోడైంది. నెలనెలా చూడాల్సిన మీటరును పోయిన ఏడాది నుంచి నేను డ్రాయర్లోంచి తీయనే లేదు. కడిగిన మూడో రోజుకే పొర ఎందుకు వస్తోందో అప్పుడు అర్థమైంది. ప్రతి వారం ఎరువు మోసుకెళ్లి పోసింది నేనే.

సాయంత్రమే వెళ్లి డాక్టరు గారికి చెప్పేశాను. గొట్టాలన్నీ మార్చాను. మూడు రోజులు ట్యాంకుకు నల్లగుడ్డ కప్పి వెలుతురు ఆపాను. రెండు నెలలకు ఇసుక తెల్లబడింది. పచ్చ పగడాల గుంపు మాత్రం బతకలేదు.

కొమురమ్మ పరకాల రోడ్డులో ఒక హాస్టల్లో వంట చేస్తోందని తెలుసుకుని వెళ్లాను. తప్పు నాదే అక్కా అని చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూనే విన్నది.

"నాకు చెప్తే ఏమస్తది బిడ్డా? నాకు ఎరుకే గదా నేను ఏయలేదని. అందరి ముంగట అడిగిండ్రు. అందరి ముంగటనే చెప్పుండ్రి."

ఆదివారం ఆమె క్లినిక్‌కు వచ్చింది. హాల్లో ఏడెనిమిది మంది పేషెంట్లు ఉన్నారు. నిలబడి చెప్పాను, ఈ ట్యాంకు పాడైంది నా నీళ్ల వల్ల, కొమురమ్మక్క వల్ల కాదు అని. ఎవరో వృద్ధుడు ఏమైందమ్మా అని మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాను. డాక్టరు గారు ఆమెను తిరిగి పనికి రమ్మన్నారు.

"పని దొరికింది సార్. ఈ మాట కోసమే వచ్చిన" అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

నీళ్లు పరీక్షించడం నాకు ముందే వచ్చు. ఆ పరీక్ష ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ ఏడాదే నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ ఇంట్లో ట్యాంకు చెడినా, యజమాని చూస్తుండగానే ముందు నా క్యానులోని నీళ్లకు మీటరు పెడతాను, తర్వాత నా పైపులు, నా చేతులు. అన్నీ సరిగ్గా ఉంటేనే ఇంట్లోవాళ్లను అడుగుతాను. అలా అడగాల్సిన అవసరం ఇంతవరకు రెండుసార్లే వచ్చింది.